బియాట్రిక్స్ పాటర్: కుందేలు కథ నుంచి కొండ పొలాల దాకా

బియాట్రిక్స్ పాటర్ 1866 జులై 28న లండన్ నగరంలో, సౌత్ కెన్సింగ్టన్ ప్రాంతంలోని బోల్టన్ గార్డెన్స్ అనే వీధిలో పుట్టింది. తండ్రి రూపర్ట్ పాటర్ బారిస్టరు. పట్టా ఉన్నా, ఆ వృత్తి చేసి సంపాదిస్తే తప్ప ఇల్లు గడవని పరిస్థితి ఆయనది కాదు. తల్లి హెలెన్ వైపు, తండ్రి వైపు తాతలిద్దరూ లాంకషైర్ నూలు వ్యాపారంలో బాగా గడించినవాళ్లు. తండ్రి తండ్రి ఎడ్మండ్ పాటర్‌కు గ్లాసప్ దగ్గర బట్టల మీద అద్దకం వేసే పెద్ద కార్ఖానా ఉండేది. ఆ సంపద మీద కుటుంబం లండన్‌లో దర్జాగా బతికింది. నూలు డబ్బుతోనే పైకి వచ్చినా, వ్యాపారం చేసుకునేవాళ్లంటే పాటర్ దంపతులకు చిన్నచూపు. ఆ చిన్నచూపే తర్వాత కూతురి జీవితంలో పెద్ద కష్టానికి కారణమైంది.

బియాట్రిక్స్‌ను బడికి పంపలేదు. ఆనాటి సంపన్న కుటుంబాల్లో ఆడపిల్లలకు ఇంట్లోనే గవర్నెస్‌లు చదువు చెప్పేవారు. మేడ పైఅంతస్తులో ఒక గది, అందులో పుస్తకాలు, రంగులు, లెక్కలేనన్ని ప్రాణులు. అదే ఆమె ప్రపంచం. ఆరేళ్ల తర్వాత పుట్టిన తమ్ముడు బెర్‌ట్రమ్ సెలవులకు ఇంటికొస్తే అతనే తోడు. ఇద్దరూ కలిసి కుందేళ్లు, ఎలుకలు, బల్లులు, కప్పలు, గబ్బిలాలు, ఒళ్లంతా ముళ్లుండే హెడ్జ్‌హాగ్, ఇలా దొరికినదాన్నల్లా పెంచారు. పెంచడంతో ఆగలేదు. చచ్చిన జంతువు దొరికితే ఉడికించి, మాంసం తీసేసి, ఎముకల గూడు నిలబెట్టి బొమ్మ గీసేవారు. తర్వాతి రోజుల్లో ఆమె గీసిన కుందేలు నీలం కోటు తొడుక్కుని రెండు కాళ్ల మీద నిలబడినా అది నిజం కుందేలులాగే ఉంటుంది. కోటు లోపల భుజం ఎక్కడ తిరుగుతుందో, తుంటి ఎక్కడ వంగుతుందో ఆ చేతికి తెలుసు కాబట్టి.

రూపర్ట్ పాటర్‌కు ఫొటోగ్రఫీ అంటే పిచ్చి. ప్రసిద్ధ చిత్రకారుడు జాన్ ఎవరెట్ మిలే ఆయనకు మంచి స్నేహితుడు. మిలే వేసే చిత్రాల కోసం రూపర్ట్ ఫొటోలు తీసి ఇచ్చేవాడు. అలా ఆ చిత్రకారుడి స్టూడియో బియాట్రిక్స్‌కు చిన్నప్పటినుంచీ తెలుసు. బొమ్మలు వేయగలవాళ్లు చాలామందే ఉంటారనీ, ఈ పిల్లకు చూసే కన్ను ఉందనీ మిలే ఒకసారి మెచ్చుకున్నాడు. ఆమె జీవితమంతటినీ గమనిస్తే అంతకంటే సరైన మాట ఎవరూ అనలేదనిపిస్తుంది. శాస్త్రం, కథ, బొమ్మ, వ్యవసాయం అన్నింటికీ ఆమె దగ్గరున్న పెట్టుబడి ఆ కన్నే.

ఏటా వేసవిలో కుటుంబం లండన్ విడిచి వెళ్లేది. 1871 నుంచి 1881 వరకు స్కాట్లండ్‌లోని పెర్త్‌షైర్‌లో డాల్‌గైజ్ అనే ఇంట్లో గడిపారు. 1882లో మొదటిసారి ఇంగ్లండ్ వాయవ్యాన ఉన్న లేక్ డిస్ట్రిక్ట్‌కు వెళ్లి విండర్‌మియర్ సరస్సు ఒడ్డున రే కాజిల్‌లో దిగారు. అక్కడి చర్చి పాస్టరు హార్డ్‌విక్ రాన్స్‌లీ కుటుంబానికి దగ్గరయ్యాడు. సరస్సులు, కొండలు, పాత పొలాలు డబ్బున్నవాళ్ల బంగళాలకింద, రైలు మార్గాలకింద పోకుండా కాపాడాలన్నది ఆయన తపన. 1895లో మరి ఇద్దరితో కలిసి నేషనల్ ట్రస్ట్ అనే సంస్థను స్థాపించింది ఆయనే. పదహారేళ్ల బియాట్రిక్స్ మనసులో ఆ మాటలు నాటుకున్నాయి. మొలకెత్తడానికి మాత్రం ఇరవై ఏళ్లకు పైగా పట్టింది.

సుమారు పదిహేనేళ్ల వయసు నుంచి ముప్పై దాకా ఆమె ఒక డైరీ రాసింది. అది మామూలు రాత కాదు. ఒక్కో అక్షరానికి ఒక్కో గుర్తు పెట్టుకుని, సొంతంగా కల్పించుకున్న రహస్య లిపిలో, కొన్ని పేజీల్లో భూతద్దం పెట్టినా చదవలేనంత సన్నగా రాసుకుంది. దాన్ని ఎవరికీ చూపించలేదు.

ఆమెకు మొదటి సంపాదన 1890లో వచ్చింది. పెంపుడు కుందేలు బెంజమిన్‌ను చూసి వేసిన బొమ్మలను ఒక గ్రీటింగ్ కార్డుల కంపెనీ ఆరు పౌన్లకు కొంది. అయితే ఆ దశాబ్దంలో ఆమె మనసు ఎక్కువగా ఉన్నది పుట్టగొడుగుల మీద. స్కాట్లండ్‌లో ఉత్తరాలు పంచే చార్లెస్ మెకింటాష్ అనే ఆయన చెట్లూచేమల గురించి లోతుగా తెలిసినవాడు. ఆయన అరుదైన నమూనాలను లండన్‌కు పోస్టులో పంపేవాడు, ఆమె వాటికి రంగుల బొమ్మలు వేసి పంపేది. వందల కొద్దీ వేసిన ఆ చిత్రాల్లో పుట్టగొడుగు గొడుగూ, కాడా, అడుగున మొప్పల్లాంటి పొరలూ, నిలువునా కోస్తే లోపల కనిపించేదీ అన్నీ తేడా లేకుండా ఉంటాయి. క్రమంగా మైక్రోస్కోపు కింద సిద్ధబీజాలు మొలకెత్తించి, ఎప్పటికప్పుడు వాటి ఎదుగుదలను గీసింది.

రసాయన శాస్త్రవేత్త అయిన మేనత్త భర్త సర్ హెన్రీ రాస్కో ప్రోత్సాహంతో ఆ పనిని లండన్‌లోని క్యూ అనే వృక్షశాస్త్ర ఉద్యానవనం పెద్దల ముందు పెట్టింది. అక్కడి డైరెక్టరు పట్టించుకోలేదు. చివరికి సిద్ధబీజాల మొలకల మీద ఆమె రాసిన వ్యాసం 1897 ఏప్రిల్ 1న ప్రకృతి శాస్త్రజ్ఞుల సంఘమైన లిన్నియన్ సొసైటీ సమావేశంలో ప్రస్తావనకు వచ్చింది. రాసిన మనిషి మాత్రం ఆ గదిలో లేదు. ఆడవాళ్లకు ఆ సమావేశాల్లోకి ప్రవేశం లేదు. తర్వాత వ్యాసాన్ని వెనక్కి తీసుకున్నారు, దాని ప్రతి ఈనాటికీ దొరకలేదు. తలుపు తెరిచి ఉంటే ఆమె ఏం సాధించేదో ఊహించడం అనవసరం. తలుపు మూసి ఉంచడం మాత్రం అన్యాయం.

ఆమెకు ఆఖరి గవర్నెస్‌గా వచ్చిన ఆనీ కార్టర్ ఆమెకంటే మూడేళ్లే పెద్ద. పెళ్లయి ఆనీ మూర్ అయ్యాక కూడా ఆ స్నేహం చెడలేదు. ఆమె పిల్లలకు బియాట్రిక్స్ బొమ్మల ఉత్తరాలు రాస్తూ ఉండేది. పెద్దబ్బాయి నోయెల్ ఐదేళ్లవాడు, జబ్బుపడి మంచం మీద ఉన్నాడు. 1893 సెప్టెంబరు 4న స్కాట్లండ్‌లోని డన్‌కెల్డ్ నుంచి వాడికి ఒక ఉత్తరం వేసింది. ఏం రాయాలో తోచడం లేదు, అందుకని నాలుగు కుందేలు పిల్లల కథ చెబుతానంటూ మొదలుపెట్టి, పంక్తుల మధ్య సిరా గీతలతో బొమ్మలు వేసుకుంటూ పోయింది. పీటర్ అనే తుంటరి పిల్ల వద్దన్న తోటలోకి దూరడం, తోటమాలి మెక్‌గ్రెగర్ తరమడం, కోటూ బూట్లూ పోగొట్టుకుని ఇల్లు చేరడం అన్నీ ఆ ఉత్తరంలోనే ఉన్నాయి.

ఏడేళ్లు గడిచాక దాన్ని పుస్తకం చేయాలన్న ఆలోచన వచ్చింది. నోయెల్ ఆ ఉత్తరాన్ని భద్రంగా దాచుకున్నాడు కాబట్టి అడిగి తీసుకుని, కాపీ చేసుకుని, కథ కొంచెం పెంచింది. కనీసం ఆరుగురు ప్రచురణకర్తలు కాదన్నారు. పుస్తకం పెద్దదిగా ఉండాలని, వెల ఎక్కువ పెట్టాలని వాళ్ల పట్టు. చిన్న చేతుల్లో ఇమిడే చిన్న పుస్తకం కావాలి, పిల్లలున్న మామూలు ఇళ్లవాళ్లు కొనగలగాలి అన్నది ఆమె పట్టు. ఇలా తెగకపోవడంతో 1901 డిసెంబరులో సొంత డబ్బుతో 250 ప్రతులు అచ్చు వేయించి తెలిసినవాళ్లకు ఇచ్చింది, అమ్మింది. షెర్లాక్ హోమ్స్‌ను సృష్టించిన ఆర్థర్ కానన్ డాయల్ కూడా తన పిల్లల కోసం ఒకటి తీసుకున్నాడు. రెండు నెలలు తిరక్కుండా మరో 200 వేయాల్సి వచ్చింది.

మొదట కాదన్నవాళ్లలో ఒకరైన ఫ్రెడరిక్ వార్న్ కంపెనీ ఈలోగా మనసు మార్చుకుంది. అయితే బొమ్మలకు రంగులు కావాలని షరతు పెట్టింది. కుందేలు గోధుమ రంగు, తోట ఆకుపచ్చ, అంతకు మించి రంగు ఎక్కడుందని ఆమె మొదట్లో ఒప్పుకోలేదు. ఒప్పుకున్నాక మాత్రం ప్రతి బొమ్మా కొత్తగా వేసింది. అప్పుడే కొత్తగా వస్తున్న మూడు రంగుల బ్లాకుల పద్ధతిలో ఎడ్మండ్ ఎవాన్స్ అచ్చు వేశాడు. 1902 అక్టోబరులో ‘ది టేల్ ఆఫ్ పీటర్ ర్యాబిట్’ బయటికి వచ్చింది. వెల ఒక షిల్లింగు. మొదట వేసిన 8,000 ప్రతులు పుస్తకం బజారులోకి రాకముందే అమ్ముడుపోయాయి. ఏడాది ముగిసేసరికి 28,000 అచ్చయ్యాయి. ఆ పుస్తకాన్ని ముచ్చటించుకోని తరం లేదు, అది ముప్పైకి పైగా భాషల్లోకి వెళ్లింది.

ఆ చిన్న పుస్తకంలోని నేర్పును దగ్గరగా చూడాలి. విప్పితే ఒకవైపు నాలుగైదు పంక్తులు, ఎదురుగా ఒక బొమ్మ. పేజీ తిప్పే చోట కథ ఉత్కంఠలో ఆగుతుంది, కాబట్టి పిల్లవాడి చెయ్యి తానే పేజీ తిప్పుతుంది. తల్లి కుందేలు పిల్లలను తోటలోకి ఎందుకు వెళ్లొద్దంటుందో మొదటి పేజీల్లోనే తెలిసిపోతుంది. తండ్రి అక్కడికే వెళ్లి మెక్‌గ్రెగర్ ఇంట్లో వంటకమైపోయాడు. పిల్లల పుస్తకం కదా అని ఆమె ఆ సంగతి దాచలేదు, దాన్ని పట్టుకుని ఏడిపించనూ లేదు. ఉన్న సంగతి ఒక్క ముక్కలో చెప్పి ముందుకు సాగిపోయింది. పిల్లలను తక్కువ అంచనా వేయని రచయిత్రి ఆమె. అవసరమైతే వాళ్లకు తెలియని పెద్ద మాట కూడా వాడేది, ఆ మాట మోత వాళ్లకు నచ్చుతుందన్న నమ్మకంతో.

1903లో ‘ది టైలర్ ఆఫ్ గ్లాస్టర్’ వచ్చింది. గ్లాస్టర్ పట్టణంలో జరిగినట్టు విన్న సంగతి దానికి మూలం. ఒక దర్జీ పని పూర్తికాక దుకాణం మూసి వెళ్లాడు, తిరిగొచ్చి చూస్తే ఒక్క బొత్తాం కాజా తప్ప అంతా కుట్టి ఉంది. ఆ పని చేసింది అతని దగ్గరి కుర్రాళ్లే. కథలో ఆమె ఆ పని ఎలుకలకు అప్పగించింది. లోపలి వాస్కట్ బొమ్మ కోసం సౌత్ కెన్సింగ్టన్ మ్యూజియంకు వెళ్లి, పద్దెనిమిదో శతాబ్దపు పట్టు వాస్కట్లను ఎదురుగా పెట్టించుకుని, పువ్వు పువ్వునూ కుట్టు కుట్టునూ గీసింది. మ్యూజియం బీరువాలోని నిజమైన కుట్టుపని మీద ఊహలోని ఎలుకలు పనిచేస్తుంటే నమ్మకం కలగక ఏమవుతుంది? అదే ఏడాది ఉడుత నట్కిన్ కథ, మరుసటేడు బెంజమిన్ కుందేలు, రెండు చెడ్డ ఎలుకల కథలు వచ్చాయి.

ఆమెకు వ్యాపార దృష్టి కూడా ఉంది. వార్న్ కంపెనీ పీటర్ కథకు అమెరికాలో కాపీరైటు నమోదు చేయించలేదు. అక్కడ దొంగ ప్రతులు ఇష్టారాజ్యంగా అచ్చవుతుంటే ఒక్క పైసా రాయల్టీ రాలేదు. ఆ దెబ్బతో ఆమె జాగ్రత్తపడింది. గుడ్డతో తానే కుట్టి చూసిన పీటర్ బొమ్మను 1903 డిసెంబరులో పేటెంట్ కార్యాలయంలో నమోదు చేయించింది. తర్వాత ఆటల బోర్డులు, గోడ కాగితాలు వచ్చాయి. కథలోని పాత్ర పేరుతో వస్తువులు అమ్మే పద్ధతికి ఆమె తొలినాటి మార్గదర్శకురాలు.

పుస్తకాల పనిమీద ఆమె రోజూ ఉత్తరాలు రాసుకున్నది వార్న్ అన్నదమ్ముల్లో చిన్నవాడైన నార్మన్ వార్న్‌తో. రెండు చెడ్డ ఎలుకల కథకు అతను తన అన్నకూతురి కోసం చేసిన బొమ్మరిల్లే నమూనా. 1905 జులైలో అతను పెళ్లికి అడిగాడు, ఆమె ఒప్పుకుంది. పుస్తకాలు అమ్మి బతికేవాడు అల్లుడా అని తల్లిదండ్రులు ససేమిరా అన్నారు. ముప్పైతొమ్మిదేళ్ల కూతురు ఉంగరం తొడుక్కుంది గానీ, నిశ్చితార్థం బయటికి చెప్పకుండా ఉంచాల్సి వచ్చింది. నెల తిరగకముందే, ఆగస్టు 25న, నార్మన్ ల్యుకేమియాతో కన్నుమూశాడు. అతనికి 37 ఏళ్లు.

అదే ఏడాది ఆమె లేక్ డిస్ట్రిక్ట్‌లోని నియర్ సారే గ్రామంలో హిల్ టాప్ అనే పొలం కొంది. పుస్తకాల రాయల్టీకి తోడు పెద్దమ్మ ఇచ్చిపోయిన కొంత డబ్బు. తల్లిదండ్రుల బాధ్యతతో లండన్ వదలడం కుదరకపోయినా, వీలు దొరికినప్పుడల్లా అక్కడికి వచ్చేది. తర్వాతి ఎనిమిదేళ్లలో వచ్చిన కథలు ఆమె రచనల్లోకెల్లా గొప్పవి, వాటిలో సగం ఆ ఇంట్లోనూ ఆ ఊళ్లోనూ జరుగుతాయి. టామ్ కిటెన్ అనే పిల్లి పిల్ల పరుగెత్తిన తోట, శామ్యూల్ విస్కర్స్ అనే ఎలుక దాక్కున్న గోడల సందులు, మెట్లు, పొయ్యి అన్నీ అక్కడ ఉన్నవే.

1908లో వచ్చిన జెమీమా అనే బాతు కథ ఈ కాలానికి మంచి ఉదాహరణ. ఆ పొలంలో బాతు గుడ్లను కోడి కింద పెట్టి పొదిగించేవారు, బాతులు నిలకడగా పొదగవని. జెమీమాకు తన గుడ్లు తానే పొదగాలని కోరిక. అడవిలో చోటు వెతుక్కుంటూ వెళ్తే మర్యాదస్తుడైన పెద్దమనిషి ఒకడు తారసపడి, ఈకలు నిండిన తన పాక చూపిస్తాడు. వాడు నక్క అని కథ ఎక్కడా నోరు విప్పి చెప్పదు. బొమ్మలో తోక కనిపిస్తూనే ఉంటుంది. విందు చేద్దాం, కొన్ని ఆకుకూరలూ ఉల్లిపాయలూ పట్టుకురా అని వాడు అడిగితే ఆ పిచ్చి బాతు తనను వండడానికి కావలసిన మసాలా తానే ఏరుకుంటుంది. పిల్లవాడికి తెలిసింది, బాతుకు తెలియలేదు. కథంతా ఆ తేడా మీదే నడుస్తుంది. పొలం కుక్క వచ్చి కాపాడుతుంది. అయితే వెంట వచ్చిన కుక్కపిల్లలు గుడ్లన్నీ తినేస్తాయి. ఇక్కడ కూడా ఆమె పల్లెలో జరిగేదాన్ని మార్చలేదు. ఈసప్ జంతువులు నీతి చెప్పడానికి వస్తాయి, పాటర్ జంతువులు బతకడానికి వస్తాయి.

1909లో పక్కనే ఉన్న కాజిల్ ఫామ్ కొన్నప్పుడు కాగితాల పని చూసినవాడు హాక్స్‌హెడ్ పట్టణంలో సొలిసిటరుగా ఉన్న విలియం హీలిస్. ఏ భూమి అమ్మకానికి వస్తోందో, దాని హద్దులేమిటో ముందే చెప్పగలిగిన మనిషి. ఆ పరిచయం నాలుగేళ్లలో పెళ్లి దాకా వచ్చింది. ఊళ్లో వకీలు తమ అంతస్తుకు తగడని తల్లిదండ్రులు ఈసారీ అడ్డుచెప్పారు. ఈసారి ఆమె ఆగలేదు. 1913 అక్టోబరు 15న లండన్‌లో పెళ్లి జరిగింది. ఆమె వయసు 47. కాజిల్ కాటేజ్‌లో కాపురం పెట్టి, ఊరికి మిసెస్ హీలిస్ అయింది. హిల్ టాప్‌ను రాసుకోవడానికి, అతిథులకు చూపడానికి ఉంచుకుంది.

పెళ్లి తర్వాత పుస్తకాలు తగ్గాయి. చూపు మందగించింది, మనసు పొలం వైపు వెళ్లింది. 1917లో వార్న్ కంపెనీ అన్నదమ్ముల్లో ఒకడు ఫోర్జరీ కేసులో జైలుకు వెళ్లి, సంస్థ మునిగిపోయే స్థితి వచ్చినప్పుడు మాత్రం పాత బొమ్మలు కూర్చి ‘ఆపిలీ డాపిలీస్ నర్సరీ రైమ్స్’ ఇచ్చి నిలబెట్టడానికి సాయపడింది. చిన్న పుస్తకాల వరుసలో చివరిది 1930లో వచ్చింది. మొత్తం 23.

ఇక ఆమె రెండో వృత్తి. లేక్ డిస్ట్రిక్ట్ కొండల మీద హెర్డ్‌విక్ అనే పాత జాతి గొర్రెలుంటాయి. పుట్టినప్పుడు పిల్ల నల్లగా ఉంటుంది, ఏళ్లు గడిచేకొద్దీ ఒళ్లు బూడిద రంగుకు తిరుగుతుంది. ఉన్ని ముతక, ధర తక్కువ. కానీ మంచులోనూ గాలివానలోనూ కంచె లేని కొండ మీద బతకగలవి ఇవే. తల్లి వెంట తిరిగి పిల్ల తన మంద మేసే కొండ హద్దు నేర్చుకుంటుంది, దాన్ని దాటి పోదు. అందుకే పొలం అమ్మితే మంద కూడా ఆ పొలంతోపాటే పోవాలి. కొత్త మందను తెచ్చి వదిలితే ఆ కొండ దానికి పరాయిది. కొండ పొలాలను ముక్కలు చేసి బంగళాలకు అమ్మితే ఇళ్లే కాదు, ఇలా తరతరాలుగా నేర్చిన బుద్ధి కూడా పోతుందని ఆమెకు అర్థమైంది.

1923లో సుమారు రెండు వేల ఎకరాల ట్రౌట్‌బెక్ పార్క్ కొంది. అక్కడి గొర్రెలు కార్జపు జలగ వ్యాధితో క్షీణించి ఉన్నాయి. టామ్ స్టోరీ అనే అనుభవమున్న కాపరిని పనిలోకి తీసుకుని, మందులు వేయించి, మంచి పొట్టేళ్లు తెచ్చి మందను నిలబెట్టింది. తానూ ముతక ఉన్ని దుస్తులు, చెక్క అడుగు చెప్పులు వేసుకుని బురదలో తిరిగేది, సంతలో గొర్రె పళ్లు తానే చూసేది. ప్రదర్శనల్లో ఆమె గొర్రెలు బహుమతులు గెలిచాయి. 1930లో నాలుగు వేల ఎకరాల మాంక్ కానిస్టన్ ఎస్టేటు విడిపోకుండా మొత్తంగా కొని, అందులో సగాన్ని కొన్న ధరకే నేషనల్ ట్రస్ట్‌కు ఇచ్చి, కొన్నేళ్లు ట్రస్ట్ తరఫున నిర్వహణ కూడా చూసింది. కౌళ్లు, కప్పుల మరమ్మతులు, కంచెల రాళ్లు, ఒక్కదాన్నీ వదిలిపెట్టలేదు. విండర్‌మియర్ ఒడ్డున ఒక స్థలం ఇళ్ల కిందకు పోబోతుంటే, 1927లో పీటర్ బొమ్మలు వేసి సంతకం చేసి అమెరికా అభిమానులకు అమ్మి చందా పోగుచేసింది. హెర్డ్‌విక్ గొర్రెల పెంపకందారుల సంఘం ఆమెను అధ్యక్షురాలిగా ఎన్నుకుంది. ఆ పదవికి ఎన్నికైన మొదటి స్త్రీ ఆమె. బాధ్యత తీసుకోకముందే, 1943 డిసెంబరు 22న, కాజిల్ కాటేజ్‌లో చనిపోయింది. కోరిక ప్రకారం టామ్ స్టోరీ ఆమె చితాభస్మాన్ని కొండ మీద చల్లాడు, ఆ చోటు రహస్యంగానే ఉండిపోయింది.

వీలునామాలో నాలుగు వేల ఎకరాలకు పైగా భూమి, పద్నాలుగు పొలాలు, ఇళ్లు, మందలు నేషనల్ ట్రస్ట్‌కు రాసింది. కొండ పొలాల్లో మేలైన హెర్డ్‌విక్ మందలనే ఉంచాలని షరతు పెట్టింది. భర్త 1945లో పోయాక ఆస్తి ట్రస్ట్‌కు దక్కింది. హిల్ టాప్ 1946 నుంచి సందర్శకులకు తెరిచి ఉంది. లేక్ డిస్ట్రిక్ట్‌ను యునెస్కో 2017లో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించినప్పుడు, కొండ మీది గొర్రెల పెంపకం చెక్కిన ఆ నేల రూపమే దానికి ముఖ్య కారణాల్లో ఒకటి.

ఆమె వెనక వదిలిపోయిన కాగితాలు మెల్లమెల్లగా బయటపడ్డాయి. రహస్య లిపి డైరీని లెస్లీ లిండర్ అనే ఇంజనీరు కొన్నేళ్లు పట్టు వదలకుండా పరిశీలించాడు. 1958లో ఒక పేజీలో 1793 అన్న సంవత్సరం, దాని దగ్గర్లో రోమన్ అంకెల్లో పదహారు కనిపించాయి. ఆ ఏడాది గిలటిన్ ఎక్కిన ఫ్రాన్సు రాజు పదహారో లూయీ గుర్తుకొచ్చి, ఆ మాట నుంచి ఒక్కొక్క అక్షరం విడదీసి, మొత్తం లిపి ఛేదించాడు. 1966లో, ఆమె పుట్టిన నూరేళ్లకు, డైరీ పుస్తకంగా అచ్చయింది. మరుసటేడు ఒక పుట్టగొడుగుల శాస్త్ర గ్రంథం ఆమె రంగుల చిత్రాలను ప్రామాణిక చిత్రాలుగా వాడుకుంది. 1997లో, వ్యాసం చదివిన నూరేళ్లకు, ఆమెకు తమవల్ల అన్యాయం జరిగిందని లిన్నియన్ సొసైటీ ఒప్పుకుంది. లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉన్న లిండర్ సేకరణలో దొరికిన, ఆమె బొమ్మలు పూర్తి చేయకుండా వదిలేసిన పిల్లి కథ ‘కిటీ ఇన్ బూట్స్’ క్వెంటిన్ బ్లేక్ బొమ్మలతో 2016లో వెలువడింది.